ఇంటి ధర్మము, ఇంటి లెక్క

తొలకరి వానలు పడగానే మా తుగ్గలి ప్రాంతమున ఒక వింత కానవచ్చును. జొన్నగిరి, మద్దికెర, తుగ్గలి పొలములలో ఎఱ్ఱమన్ను తడిసి, కొట్టుకొనిపోయి, రాళ్లు పైకి తేలును. అప్పుడు పొరుగు జిల్లాల నుండి సైతము జనులు వచ్చి, తలలు వంచుకొని, చేనిగట్ల వెంట వజ్రములు వెదకుచుందురు. దొరకువారు బహు కొద్దిమంది. దొరకినవారి నోట వెలువడు మొదటిమాట యేమనగా, "ఇందులో కొంత ధర్మమునకు తీసి పెట్టవలెను" అని. ఆ సంకల్పము మంచిదే. కాని గట్టు లేని చేనిలో తొలకరి నీరు నిలువనట్లు, ఏర్పాటు లేని సంకల్పము నాలుగు నెలలు నిలుచుట అరుదు. నేనీ వ్యాసమున ఆ గట్టు వేయు విధమును గూర్చి వ్రాయదలచితిని. ముందుగా మా యింటి కథ చెప్పుట న్యాయము.

మా అత్తగారు ముప్పది యేండ్లు ఉగాది మొదలు మృగశిర కార్తె వఱకు బాట ప్రక్కన చలివేంద్రము నడిపిరి. నాలుగు బానలు, ఇసుక తిన్నె, పైన జొన్నదంట్ల పందిరి, ఒక ఇత్తడి గరిటె, ఇదియే ఆమె సత్రము. అవసాన కాలమున ఆమె తన ముగ్గురు కుమారులను దగ్గఱకు పిలిచి, "ఆ రెండెకరముల ఫలసాయము నీళ్లకే" అని చెప్పిరి. అందఱును సరే యనిరి. మూడు వేసవులు ఆ మాట నడచినది. పిదప పంపకములు జరిగినవి. ఆ చేను మా పెద్ద బావగారి వంతునకు వచ్చినది. ఆయన కుమార్తె వివాహము కుదిరినది, చేతిలో రొక్కము లేదు, చేను అమ్ముడుపోయినది. ఆయనను నేను తప్పు పట్టజాలను. ఆ చేను నీళ్లదని ఏ కాగితము మీదను లేదు. ఆడపిల్ల తండ్రికి ముహూర్తము దగ్గఱపడినప్పుడు కనబడునది లగ్నపత్రికయే గాని తల్లి మాట కాదు.

నాలుగవ వేసవిలో బానలు మా దొడ్డిలో బోరగిలబడి యున్నవి. మా పల్లెల నుండి దసరా వెళ్లగానే గుంటూరు సీమకు మిరపకోతకు, ప్రత్తితీతకు పోవువారున్నారు. దానిని మేము సుగ్గికి పోవుట యందుము. అట్లు పోయి, ఉగాదికి మరలి వచ్చుచున్న ఒక స్త్రీ, చంకలో బిడ్డతో, పందిరి లేని చోట నిలిచి మా గుమ్మము వంక చూచి, "అవ్వ పాయె, అవ్వతో నీళ్లు గూడా పాయెనా తల్లీ?" అని యడిగినది. చెంబుతో నీళ్లు ఇచ్చితిని. ఆ మాటకు మాత్రము జవాబు ఇయ్యలేకపోయితిని. ఆ రాత్రి మేము ముగ్గురము తోడికోడండ్రము (మా వైపు యారాండ్రు అందురు) కూర్చుండి ఆలోచించితిమి. అత్తగారు మాకు పంచి యిచ్చిన గాజులు ఉన్నవి. వానిని అమ్మి, అన్నదమ్ములు తలా కొంత వేసి, నాలుగు లక్షల రూపాయల నిధి చేసితిమి. ఈసారి నోటిమాట చాలదని అందఱమును ఎఱుగుదుము.

పెద్దలు వేసిన దారి

కుటుంబ ధర్మము మనకు క్రొత్తది కాదు. భారతమున ఆశ్వమేధిక పర్వములో సక్తుప్రస్థుని కథ కలదు. కురుక్షేత్రమున ఏరుకొన్న గింజలతో బ్రతుకు ఒక పేద బ్రాహ్మణుడు, అతని భార్య, కొడుకు, కోడలు ఉపవాసముల పిమ్మట దొరకిన పిడికెడు పేలపిండిని నాలుగు వంతులు చేసికొని కూర్చుండగా అతిథి వచ్చెను. ఒకరి వెనుక నొకరు నలుగురును తమ తమ వంతు నిచ్చిరి. ఆ పిండి రేణువులు సోకి ముంగిస దేహము సగము బంగారమయ్యెననియు, ధర్మరాజు అశ్వమేధమున పొర్లినను మిగిలిన సగము మాఱలేదనియు కథ. దీనిని చిన్నతనమున మా తాతగారు చెప్పినప్పుడు ముంగిసను చూచి సంతోషించితిని. ఇప్పుడు చదివినప్పుడు నా దృష్టి కోడలి మీద నిలుచుచున్నది. ఆమె వంతు ఆమెదిగా లెక్కకు వచ్చినది. అడుగకుండ ఎవరును దానిని తీసికొనలేదు.

ఈ విషయమున అశోక చక్రవర్తి శాసనమొకటి స్త్రీలు తెలిసికొనదగినది. అలహాబాదు స్తంభము మీద ఆయన రెండవ రాణి, తీవరుని తల్లి యైన కారువాకి చేసిన దానములు, మామిడితోపులు గాని, తోటలు గాని, దానశాలలు గాని, ఆమె పేరనే లెక్కకెక్కవలెనని ఆజ్ఞ చెక్కబడినది. రాజు సొమ్ము వేఱు, రాణి ధర్మము వేఱు అని రెండువేల రెండువందల యేండ్లకు పూర్వమే గుర్తింపబడినది.

ఆ చక్రవర్తి రాతలు మాకు దూరమున లేవు. గుత్తి నుండి పత్తికొండకు పోవు దారిలో ఎఱ్ఱగుడి గుండ్ల మీద ఆయన పదునాలుగు ధర్మశాసనములు నేటికిని నిలిచియున్నవి. అచ్చటి చిన్న శాసనములో కొన్ని పంక్తులు ఎడమ నుండి కుడికి, తరువాతివి కుడి నుండి ఎడమకు, దుక్కి దున్నునప్పుడు ఎద్దులు తిరిగినట్లు వ్రాయబడియుండుట విశేషము. మనుష్యులకును పశువులకును వైద్యము, బాటల వెంట బావులు, చెట్లు అని రెండవ శాసనము చెప్పుచున్నది. మూడవదానిలో కొంచెముగా ఖర్చు చేయుట, కొంచెముగా కూడబెట్టుట మంచివని చెప్పి, వీనిని లెక్కలోనికి తెచ్చునట్లు ఉద్యోగులకు పరిషత్తు ఆజ్ఞాపింపవలెనని ముగింపు. దానముతో పాటు లెక్కను గూడ రాతి మీద వ్రాయించిన ప్రభువు మా కొండలలోనే పలుకుచున్నాడు.

గట్టు వేయకున్న నేమగునో చెన్నపట్టణపు చరిత్ర చెప్పును. దుబాసీగా విశేషధనమార్జించిన పచ్చయప్ప మొదలియారు 1794లో మరణించుటకు ముందు తన ఆస్తిని దైవకైంకర్యములకును దానములకును వీలునామా వ్రాసెను. నిర్వహించువారి నడవడి వలనను, తగవుల వలనను ఆ సొమ్ము న్యాయస్థానముల పాలై దశాబ్దములు గడచినవి. ఆ నిధితో పాఠశాల తలుపు తెఱచినది 1842లో. నలువది యెనిమిది యేండ్లు! దాత సంకల్పములో లోపము లేదు. వ్రాతకు కావలి లేకపోయినది.

మన కందుకూరి వీరేశలింగము పంతులుగారి దారి వేఱు. సంతానము లేని ఆ దంపతులు తమ ఆస్తిని తామే సమాజ పరము చేసిరి. 1906లో రాజమహేంద్రవరమున హితకారిణీ సమాజమును స్థాపించి, వితంతు శరణాలయమును, పాఠశాలను దాని క్రింద నుంచిరి. బ్రదికి యుండగనే నిధిని ఏర్పఱచి, దాని నడకను తాము కన్నులార చూచుట అందలి తెలివి. ఇక గోదావరి తీరమున లంకల గన్నవరపు డొక్కా సీతమ్మగారు (1841-1909) ఏ పత్రమును వ్రాయక తన యింటి పొయ్యితోనే వేలమందికి అన్నము పెట్టిరి. ఆమె పేరు 2024లో ఆంధ్రప్రదేశ్ పాఠశాలల మధ్యాహ్న భోజన పథకమునకు పెట్టబడినది. కాని సీతమ్మగారి వంటివారు నూఱేండ్ల కొకరు. మన వంటివారికి కాగితము కావలెను.

ముందు అడుగవలసిన ప్రశ్న

మన ఉద్దేశమును ఒక్క వాక్యమున చెప్పగలమా? "పేదలకు సాయము" అనునది ఉద్దేశము కాదు, ఆశ మాత్రమే. "తుగ్గలి బాట మీద వేసవిలో చలివేంద్రము, తలిదండ్రులు సుగ్గికి పోయినప్పుడు ఊరిలో నిలిచి చదువుకొను ఇద్దఱు బాలికలకు పుస్తకములు, బస్సు ఖర్చు" అని మేము వ్రాసికొంటిమి. వాక్యము చిన్నదైనకొలది నిధి గట్టిగా నిలుచును. అయితే దస్తావేజులో మాత్రము "ఇట్టి యితర విద్యా, జలదాన కార్యములు" అని కొంచెము సందు విడువవలెను. ఏలనగా ఒకనాడు ఇంటింటికి మంచినీటి కుళాయి వచ్చి చలివేంద్రము అక్కఱలేకపోవచ్చును.

రెండవ ప్రశ్న: మనకు ప్రత్యేక సంస్థ కావలెనా? ఏటికి అయిదాఱు వేలు మాత్రమే ఇయ్యగలవారు క్రొత్త సంస్థను పెట్టిన, లెక్కలు తనిఖీ చేయువారి రుసుమునకే వడ్డీ చాలదు. అట్టివారు ఊరి పాఠశాలకో, చక్కగా నడచుచున్న సంస్థకో నేరుగా ఇచ్చి, రశీదు పుచ్చుకొని, ఏడాదికి ఒకమాఱు పోయి చూచుట మేలు. ఏటేట నడువవలసిన పని, నిలువ యుంచవలసిన మూలధనము, ముగ్గురు నలుగురు బాధ్యులు, ఈ మూడును ఉన్నప్పుడే సంస్థను తలపెట్టవలెను.

కాగితపు పని

సంస్థకు మూడు రూపములు కలవు. మొదటిది ధర్మనిధి, అనగా ట్రస్టు. చిన్న కుటుంబమునకు ఇదియే సులభము. రెండవది సంఘము. మన రాష్ట్రమున 2001 నాటి సంఘముల రిజిస్ట్రేషను చట్టము ప్రకారము ఏడుగురు సభ్యులైనను ఉండవలెను. మూడవది 2013 నాటి కంపెనీల చట్టము 8వ విభాగము క్రింద లాభము పంచుకొనని కంపెనీ. దాని కాగితముల భారము చిన్న ఇంటికి తగదు. 1882 నాటి ట్రస్టుల చట్టము స్వంత కుటుంబ మేలుకై చేయు నిధులకు సంబంధించినది. ప్రజాధర్మమునకు అది నేరుగా వర్తింపదు. హిందూ సత్రములు, శాశ్వత దానధర్మములు స్థాపించువారు 1987 నాటి దేవాదాయ ధర్మాదాయ చట్టమును గూడ విచారించుకొనవలెను.

దస్తావేజులో ఈ క్రింది విషయములు స్పష్టముగా ఉండవలెను. నిధి పేరు, ఉద్దేశము, మూలధనము ఎంత. ధర్మకర్తలు ఎందఱు, ఎన్నేండ్లు. ఒకరు మరణించిన లేక మానుకొన్న వారి స్థానమున ఎవరు, ఎవరిచే నియమితులగుదురు. బ్యాంకులో ఎవరెవరి సంతకములు. ఏటికి ఎన్నిసార్లు సమావేశము. నిధి మూయవలసి వచ్చిన మిగిలిన సొమ్ము ఏ ధర్మసంస్థకు చేరును. ఈ కడపటి మాట పెక్కుమంది మఱతురు. భూమి ఇచ్చినచో పత్రము రిజిస్టరు కావలసినదే. మా అత్తగారి రెండెకరములు పోయినది ఈ ఒక్క సంతకము లేకయే. పిదప నిధి పేర పాన్ సంఖ్య, బ్యాంకు ఖాతా తీసికొనవలెను.

ధర్మకర్తలలో ఇంటి స్త్రీలు ఉండవలెనని నా మనవి. పేరునకు మాత్రము కాక, చెక్కు మీద సంతకము చేయువారుగా ఉండవలెను. ఒక ధర్మకర్త కుటుంబమునకు వెలుపలివారైన మఱియు మంచిది. మేము పదవి విరమించిన ఒక ఉపాధ్యాయురాలిని వేడుకొని చేర్చుకొంటిమి. ఇంటివారు మొగమాటమున అడుగలేని ప్రశ్నను ఆమె అడుగగలదు.

లెక్క

ఈ మాట అనుభవముతో వ్రాయుచున్నాను. నిధి లెక్కలు నా వంతునకు వచ్చినవి. మొదటి యేడు నేను ఇంటి సొమ్మును, నిధి సొమ్మును ఒకే సంచిలో ఉంచితిని. "నాకు గుర్తుండదా" అను అహంకారము. సంవత్సరాంతమున 3,800 రూపాయలకు జవాబు చెప్పలేకపోయితిని. తినలేదు, దాచలేదు, ఎచ్చటనో ఇంటి ఖర్చులో కలసిపోయినది. నా చేతి నుండి ఇచ్చి పూడ్చితిని గాని, ఉపాధ్యాయురాలి యెదుట పడిన సిగ్గు నేటికిని పూడలేదు.

నాటినుండి మా పద్ధతి యిది. ఏనాటి జమాఖర్చు ఆనాడే చిట్టాలో ఎక్కును. నెలకొకమాఱు పద్దుల వారిగా ఆవర్జాలోనికి తీయుదును. వ్రేలెడు రశీదు లేక పైసా కదలదు. రశీదు ఇయ్యలేని కుమ్మరివంటి వారి వద్ద చీటీ మీద వ్రేలిముద్ర గాని సంతకము గాని తీసికొందును. ఉగాది ముందు ఒకనాడు అందఱును కూర్చుండి పుస్తకమును పైకి చదువుదుము. పిల్లలు గూడ విందురు.

నాలుగు లక్షలకు ఏటికి నూటికి ఆఱు వంతున వడ్డీ 24,000 అనుకొందము. ఎనుబది దినములు నీళ్లు పోయు ఆమెకు దినమునకు 150 చొప్పున 12,000, బానలకు, పందిరికి 2,000, బాలికలకు 5,000, తనిఖీకి 3,000. వెరసి 22,000. నిలువ 2,000. మూలధనమును ముట్టరాదు. దానిని బ్యాంకు డిపాజిట్టు, తపాలా పొదుపు, ప్రభుత్వ పత్రములు వంటి చట్టము ఒప్పుకొన్న చోట్లనే ఉంచవలెను. ఎక్కువ వడ్డీకి ఆశపడి చీటీలలోనో, చేబదుళ్లలోనో పెట్టరాదు.

ఆదాయపు పన్ను వారి వద్ద నమోదు చేయించుకొన్న నిధికి పన్ను మినహాయింపు కలదు. వేఱొక అనుమతి పొందినచో మనకు చందా ఇచ్చువారికి రాయితీ కలుగును. 1961 నాటి చట్టమున ఇవి 12-ఏ, 80-జీ అని ప్రసిద్ధి. 2025లో క్రొత్త చట్టము చేయబడి 2026 ఏప్రిల్ 1 నుండి వర్తించునట్లు నిర్ణయింపబడినందున విభాగముల సంఖ్యలు మాఱినవి; చార్టర్డు అకౌంటెంటును అడిగి సరిచూచుకొనవలెను. ముఖ్య నియమము ఏమనగా, ఏటి ఆదాయములో నూటికి 85 వంతులు ధర్మమునకు వినియోగింపవలెను. 2,000 రూపాయలకు మించి నగదుగా ఇచ్చిన చందాకు దాతకు రాయితీ లేదు. ఈ నమోదులకు గడువు కలదు. ఇంటి పంచాంగములో పండుగలతో పాటు ఆ తేదీని గూడ గుర్తు వేసికొనుడు.

విదేశములందలి బిడ్డలు పంపు సొమ్మును గూర్చి ఒక హెచ్చరిక. భారత పౌరసత్వమును నిలుపుకొన్నవారు తమ స్వంత సంపాదన నుండి బ్యాంకు ద్వారా పంపినది విదేశీ విరాళము కాదు. అన్యదేశ పౌరసత్వము తీసికొన్నవాడు, మన కడుపున పుట్టినవాడైనను, ఇచ్చునది విదేశీ విరాళమే. దానికి 2010 నాటి చట్టము క్రింద ముందుగా అనుమతి కావలెను. 2020 సవరణ తరువాత అట్టి సొమ్ము మొదట ఢిల్లీలోని స్టేటు బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాలోనే పడవలెను. కావున "మనవాడే గదా" అని పుచ్చుకొనరాదు.

మా యింటి పరీక్ష

రెండవ యేడు మా నడిమి యారాలి బోరు మోటారు కాలిపోయినది. వేరుసెనగ పూతకు వచ్చియున్నది. ఏబదివేలు నిధి నుండి అప్పుగా ఇమ్మని ఆమె అడిగినది. పంట రాగానే వడ్డీతో కట్టెదననినది. ఆమె మాట తప్పు మనిషి కాదు. కాని నిధిని స్థాపించినవారికిని, వారి బంధువులకును దాని సొమ్ము అక్కఱకు రాగూడదని చట్టము. పన్ను మినహాయింపు పోవుట ఒక నష్టము. ఒకమాఱు ఇంటికి తెఱచిన తలుపు మరల మూతపడకుండుట అంతకన్న పెద్ద నష్టము. లేదంటిని. "అత్తగారి గాజుల సొమ్ము, అందులో నా గాజులును ఉన్నవి. నా చేను ఎండుచుండగా అక్కఱకు రాదా?" అని ఆమె యడిగినది. ఆ ప్రశ్న అన్యాయమైనది కాదు. నాకు నిద్ర పట్టలేదు.

మఱునాడు నా గొలుసును బ్యాంకులో కుదువ పెట్టి ఆమెకు సొమ్ము ఇచ్చితిని. ఆమె పుచ్చుకొన్నది, కాని రెండు నెలలు మాటలాడలేదు. పంట చేతికి రాగా గొలుసు విడిపించి తెచ్చి నా మెడలో తానే వేసినది. ఆ యేటి ఉగాది సమావేశమున మా పెద్ద బావగారి కొడుకు వ్యాపారమునకై నిధి మాట యెత్తగా, నేను నోరు తెఱవకముందే, "అది నీళ్ల సొమ్ము నాయనా" అని ఆమెయే చెప్పినది. నిధికి కాపలా దస్తావేజు కాదేమో, ఇట్టి ఒక మనిషియే యని నాకు తోచినది. అయితే ఆమెకు ఆ మాట అనుటకు ఆధారము ఆ దస్తావేజే.

పుచ్చుకొనువారి గౌరవము

కడపటి మాట. దానము పుచ్చుకొను పిల్లలను వేదిక ఎక్కించి ఛాయాచిత్రము తీయింపకుడు. ఎవరికి ఇయ్యవలెనను నిర్ణయమునకు ముందే నియమము వ్రాసికొని, బడి పంతులమ్మను అడిగి, ఇంటికి పోయి చూచి ఇయ్యుడు. కులమును, పార్టీని, పరిచయమును చూడకుడు. ఇచ్చిన సాయము పనికివచ్చినదో లేదో వారినే అడుగుడు. మేము మొదట బాలికలకు సంచులు కొని యిచ్చితిమి. "సంచి ఉన్నదమ్మా, సాయంకాలపు బస్సుకు డబ్బు లేదు" అని ఒక పిల్ల చెప్పిన పిమ్మటనే మా ఖర్చు సరియైన దారిన పడినది.

ఈ ఉగాదికి బానలు మరల ఇసుక తిన్నె ఎక్కినవి. మొదటి బిందె నీళ్లు మా పెద్ద బావగారే మోసి తెచ్చిరి. ఎవరును ఏమియు అనలేదు. చిట్టాలో ఆ దినపు ఖర్చు: బానలు రెండు, ఇసుక, నీళ్లు పోయు ఆమెకు కూలి. నీళ్లు మోసినవారి కూలి లేదు.

ఇట్టి చిన్న నిధులను నడుపుచున్న సోదరీమణులు తాము ఎదుర్కొన్న చిక్కులను, వానిని దాటిన విధమును ఈ పత్రికకు వ్రాసినచో నా వంటి క్రొత్తవారికి ఎంతయో ఉపకారము చేసినవారగుదురు.